నలభై అడుగుల దూరం

సూర్యుడు పక్క పొలం డెల్మర్ వాళ్ళ గోధుమ గాదెల రేకు కప్పుల మీదికి దిగాడు, ఇంకో గంటుంది, మునిగాక కాల్చకూడదు, చట్టం ఒప్పుకోదు, ఈ ఒక్క గంటా ఎలాగోలా బాతులు రాకుండా గడిచిపోతే ఇంటికెళ్ళి పడుకోవచ్చు, అనుకుంటున్నాను నేను, జమ్ముగడ్డి మాటులో, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని, బాతుల కోసమని వచ్చి కూచున్నదాన్ని. పొద్దున్న నాలుగున్నరకి లేచాను. తొంభై రెండు మైళ్ళ మట్టిరోడ్డు, రెండు వందల పదకొండు ఉత్తరాల పెట్టెలు, ప్రతి పెట్టె దగ్గరా బండి కిటికీలోంచి కుడిచెయ్యి చాపడం, మూత తియ్యడం, ఉత్తరాలు లోపల పెట్టడం, మూత వెయ్యడం, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే చెయ్యి, అందుకే సాయంత్రమయ్యేసరికి ఆ భుజం తడిసిన గోనెసంచిలా వేలాడుతుంది, ఆ భుజానికే ఇప్పుడు తుపాకీ ఆనించాలి. బోర్లించిన బకెట్లు రెండు, ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద మా తమ్ముడు హాల్వర్, మా ఇద్దరి మధ్యా బెస్, పది నెలల నల్ల లాబ్రడార్, వెనక కాళ్ళ మీద కూచుని ముక్కు నీటివైపు పెట్టి. ఎదురుగా మడుగు. మడుగు మీద మేం విసిరిన బొమ్మ బాతులు తాళ్ళకి లోబడి గాలికి అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఒకటి పక్కకి ఒరిగిపోయింది, లేచి వెళ్ళి సరిచెయ్యాలి, చెయ్యను, ఒరిగిన బాతుని చూసి నిజం బాతులు నవ్వుకుని వెళ్ళిపోతే పోనీ. బురద వాసన, కుక్క వాసన, హాల్వర్ జేబులో పిప్పరమెంటు బిళ్ళల వాసన. ఎక్కడో చాలా ఎత్తున మంచుబాతులు పోతున్నాయి, వాటి అరుపు ఒక్కటే కిందికి వస్తోంది, కనిపించడం లేదు. బెస్ మాత్రం తల ఎత్తి అటే చూస్తోంది. దానికి కనిపిస్తున్నాయి.

తుపాకీ హాల్వర్‌ది. కాల్చాల్సింది కూడా వాడే. కానీ పోయిన నవంబరు నుంచి వాడి కుడిచెయ్యి ఎవరో మర్చిపోయి వదిలేసిన చేతితొడుగులా కోటు జేబులో పడి ఉంటోంది. పోయిన వారం భోజనాల బల్ల మీద వేట లైసెన్సు కాగితం పెట్టి, దానిమీద నా కళ్ళజోడు తెచ్చి పెట్టాడు. "నేనా?" అన్నాను. "మంగళవారం," అన్నాడు. "నేను తుపాకీ పట్టి నలభై ఏళ్ళయింది, నా భుజం సంగతి నీకు తెలుసు, డెల్మర్‌ని అడుగు," అన్నాను. "మంగళవారం, మంగళవారం," అన్నాడు, మొదటిది బతిమాలడం, రెండోది విసుగు. వాడి మంగళవారాలు నాకు ఇప్పుడు తేడా తెలుస్తాయి. చిన్నప్పుడు నాన్న మా ఇద్దరికీ కాల్చడం నేర్పాడు, ఈ మడుగు మీదే, గురి నాదే బాగుండేది, హాల్వర్‌కి ఎప్పుడూ తుపాకీ మీద కంటే కుక్క మీదే ధ్యాస, బాతు పడిందా లేదా అని చూసేవాడు కాదు, అది పడ్డచోటు కుక్క చూసిందా లేదా అని చూసేవాడు. "అక్క కొడుతుంది, తమ్ముడు కుక్కకి పాఠం చెప్తాడు, వండేది మాత్రం నేను," అనేది అమ్మ ఈకలు పీకుతూ. తర్వాత నేను మానేశాను. కారణమంటూ ఏం లేదు, ఒక ఏడాది వెళ్ళలేదు, మరో ఏడాది కూడా వెళ్ళలేదు, అంతే. హాల్వర్ మానలేదు. వాడి చేతిలో పదకొండు కుక్కలు తయారయ్యాయి, వాటిలో ఏదీ ఒక్క దెబ్బ తినలేదు, నార్త్ డకోటాలో ఈ మూలనున్న ప్రతివాడూ కుక్కపిల్లని కొన్నాక ముందు హాల్వర్ వాకిట్లోకే తెచ్చేవాడు, ఇదుగో దీని మొహం చూసి చెప్పు పనికొస్తుందా రాదా అని.

స్ట్రోక్ వచ్చింది గురువారం. మంగళవారం కాదు. అందుకే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. వాణ్ణి నా ఇంటికి తెచ్చుకున్నాక వారానికి రెండుసార్లు ట్రూడీ అనే అమ్మాయి వచ్చేది, మాటలు మళ్ళీ నేర్పడానికి, ఆమె చెప్పింది, "కొందరికి ఒక్క మాట అలా ఇరుక్కుపోతుందండీ, ఏది అనబోయినా అదే వస్తుంది. తిట్లు, ప్రార్థనలు, అంకెలు వరసగా లెక్కపెట్టడం, అవి వేరేచోట ఉంటాయి, అవి పోవు." "తిట్లు పోవా?" అన్నాను. "పోవండీ." "మా అదృష్టం," అన్నాను. హాల్వర్ నవ్వలేదు. నవంబరు, డిసెంబరు, జనవరి, వాడు కిటికీ దగ్గర కుర్చీలో కూచుని మంచు చూశాడు, నేను ఉత్తరాలు పంచి వచ్చి, వాడికి మాంసం ముక్కలు కోసిపెట్టి, గిన్నెలు కడిగి, వాడి పక్క సర్ది, పడుకునేదాన్ని. మార్చిలో డెల్మర్ వచ్చాడు, కోటు గుండీల మధ్య ఒక నల్ల తల. వాడి ఆడకుక్క ఈనితే ఒక పిల్లని తీసుకుంటానని హాల్వర్ ముందే మాటిచ్చాడట. "మాటిచ్చినవాడికి ఇప్పుడు మాట లేదు, డెల్మర్," అన్నాను, "ఇంట్లో ఒకరికి తినిపించడానికే నా ప్రాణం పోతోంది." డెల్మర్ గడపలో నిలబడి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "చూపించి తీసుకుపోతాలే ఆర్లిస్," అని దాన్ని హాల్వర్ ఒళ్ళో దింపాడు. అది ముందు వాసన చూసింది, తర్వాత ఒళ్ళో పడి ఉన్న ఆ కుడిచేతిని పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది, సూదుల్లాంటి పళ్ళు, నెత్తురొచ్చింది, వాడికి తెలీలేదు, వాడు కిందికి చూసి, తన వేలిమీద నెత్తురు చూసి, నవ్వాడు. నాలుగు నెలల తర్వాత నవ్వాడు. నేను వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి అలా నిలబడ్డాను. డెల్మర్ కుక్కని తీసుకుపోలేదు. ట్రూడీ పేర్ల పట్టీ ఒకటి చదివింది, వాడు ఏది అనగలిగితే అదే పేరని. బెస్సీ దగ్గర "బె" అన్నాడు. కుక్కకి ఆ మాత్రం చాలు.

నడవాలో అన్ని తలుపులూ మూసేసి, మేజోడు ముడేసి విసిరేవాళ్ళం, తిరిగి రావడానికి దానికి మా దగ్గరికి తప్ప ఇంకో దారి ఉండకుండా. మూడుసార్లే. నాలుగోసారి అది అడిగినా విసరకూడదు, రేపటికి ఆకలి మిగలాలి, అని వాడు ఇంతకు ముందు నూరుమందికి చెప్పగా విన్నాను. కూర్చోమనడం, రమ్మనడం దగ్గర చిక్కొచ్చింది. వాడు కూర్చో అనబోయినా మంగళవారం, రా అనబోయినా మంగళవారం. పిల్ల ముందుకొచ్చి, ఆగి, తల వంచి, వాడి మొహంలోకి చూసేది, తనదే తప్పన్నట్టు. ఒకరోజు వాడు ఊతకర్ర గోడకేసి కొట్టాడు. కుక్క వైపు కాదు, గోడకే, అయినా కొట్టాక కూచుని ఏడ్చాడు. మర్నాడు మెడలో విజిల్ వేసుకుని కిందికి దిగాడు. ఒక పొడుగు ఈల కూర్చో. నాలుగు పొట్టి ఈలలు రా. ఎడంచెయ్యి పక్కకి చాపితే పక్కకి, పైకెత్తితే ఇంకా దూరం పో. నోటి మాట కావలసినచోట నేను. అలా ఆ పిల్లకి యజమాని ఒకడైతే గొంతు ఇంకొకరిదైంది, ఈల వాడిది, మాట నాది, మెచ్చుకోలు మాత్రం వాడిదే, ఒంగి చెవి వెనక గోకి, "మంగళవారం," అంటే తోక నేలని ఊడ్చేసేది, ఇప్పటికీ టీవీలో ఎవడైనా వార్తలు చదువుతూ మంగళవారం అన్నాడంటే బెస్ లేచి తోకాడిస్తుంది.

బాతులు. ఆరు, ఎడమవైపునుంచి, కిందుగా, రెక్కల ఈల ముందు వినిపించింది తర్వాత అవి కనిపించాయి. హాల్వర్ ఒళ్ళు బిగిసింది. బెస్ ముందుకాళ్ళు వణుకుతున్నాయి, చలికి కాదు. నా వేలు తుపాకీ మీటని తాకలేదు, బొటనవేలు రక్షణ మీటని తొయ్యలేదు, నా చేతులు అక్కడే ఉన్నాయి, బాతులు బొమ్మల మీదుగా వంపు తిరిగి, ఒరిగినదాన్ని చూశాయో ఏమో, పైకి లేచి పోయాయి. "దూరం," అన్నాను. దూరం కాదు. ముప్ఫై అడుగులు కూడా ఉండవు. హాల్వర్ నావైపు చూశాడు, నేను ఫ్లాస్కు మూత తిప్పాను, కాఫీ చల్లారిపోయింది, చల్లటి కాఫీయే తాగాను. వాడికి నా గురి తెలుసు. అది దూరం కాదని వాడికి తెలుసు. నాకు ముసలితనం వచ్చిందనుకుంటున్నాడేమో, అనుకోనీ.

జూన్‌లో హాల్వర్‌ని ఫిజియోథెరపీకి రెండు రోజులు ఊళ్ళో ఆస్పత్రిలో ఉంచారు. వెళ్ళే ముందు కాగితం మీద ఎడంచేత్తో బొమ్మ గీసిచ్చాడు, ఇక్కడ కుక్క, ఇక్కడ బాతు బదులు గుడ్డ డమ్మీ విసిరేవాడు, విసిరేవాడి చేతిలో చప్పుడు మాత్రం చేసే ఉత్తుత్తి పిస్తోలు, రెండింటి మధ్యా పొడుగ్గా ఒక గీత, గీత మీద 200. రెండు వందల అడుగులు. అది అయిదు నెలల పిల్ల, మొదటి చప్పుడు దూరంగా వినాలి, గాల్లో డమ్మీ కనిపిస్తూ ఉండగా వినాలి, సంతోషంలో చప్పుడు కలిసిపోవాలి, తర్వాత వారాల తరబడి కొంచెం కొంచెంగా దగ్గరికి రావాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. డెల్మర్‌ని పిలవాలి. నేను ఆ రోజు మూడు గంటలకి రూటు ముగించాను, టైరు పంక్చరై ఒంటరిగా మార్చుకున్నాను, ఆస్పత్రికి ఫోన్ చేశాను, ఎవరో ఎత్తి ఆగమని చెప్పి మర్చిపోయారు. డెల్మర్ పొలంలో ఉన్నాడు. పిలిస్తే వచ్చేవాడు. పిలవాలంటే వెళ్ళాలి, మాట్లాడాలి, వాడి భార్య మోకాలి నొప్పి గురించి వినాలి. నాకు అయిపోవాలి, అంతే, ఆ రోజు పని అయిపోవాలి. బెస్ నా పక్కన కూచుంది, చక్కగా, తోక ఊపుతూ, నా మొహంలోకి చూస్తూ. ఎడంచేత్తో డమ్మీ విసిరాను. కుడిచెయ్యి పైకెత్తి దాని తలమీదే పిస్తోలు కాల్చాను. అది మొదట ఎక్కడికీ పోలేదు. ముందు నన్నే చూసింది. ఆ చూపు ఒక క్షణం, తర్వాత నేలకి అతుక్కుపోయి, పాక్కుంటూ వెళ్ళి, పికప్ బండి కిందికి దూరింది. మాంసం చూపించాను, బతిమాలాను, బోర్లా పడుకుని చెయ్యి చాపాను, నా చెయ్యి వచ్చినకొద్దీ అది ఇంకా లోపలికి జరిగింది. రెండు గంటల తర్వాత దానంతటదే బయటికొచ్చి నా కాళ్ళ పక్కనుంచి నడుచుకుంటూ తన గూటిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రమే వడగళ్ళ వాన పడింది, ఉరుములకి కిటికీ అద్దాలు అదిరాయి.

హాల్వర్ వచ్చాడు. విజిల్ ఊదాడు. గిన్నె చప్పుడుకే పిల్ల బల్లకింద దూరడం చూశాడు, నావైపు తిరిగాడు. వాడు అడగలేడు. నేను చెప్పకపోయినా సరిపోయేది, ఏమో తెలీదంటే సరిపోయేది. "ఉరుములు," అన్నాను. "మొన్న రాత్రి పెద్ద వాన. గూటిలో ఒంటరిగా ఉంది కదా." నోట్లోంచి వచ్చాక గాని నేనేం అన్నానో నాకు తట్టలేదు. పిల్ల ఇంట్లో పడుకోకూడదు, బయట గూటిలోనే పడుకోవాలి అని పట్టుబట్టింది వాడు, నేను కాదు. వాడి మొహం చూశాను. తప్పు ఎక్కడికి వెళ్ళి పడిందో చూశాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు, గిన్నెలు కడగాలని లేచాను. ఆ రాత్రే వాడు పరుపు ఈడ్చుకుంటూ వసారాలోకి పోయాడు, ఒంటిచేత్తో, గడప దగ్గర ఇరుక్కుంటే నేను పట్టబోయాను, వద్దన్నట్టు తల ఊపాడు. వేసవంతా అక్కడే, దోమల్లో, మబ్బు పట్టిన ప్రతి రాత్రీ పిల్లని పక్కలో పెట్టుకుని, ఉరిమినప్పుడల్లా ఒక పిప్పరమెంటు బిళ్ళ దానికి, ఒకటి తనకి. మేడమీద కిటికీ తెరిచి ఉంచుకుని పడుకునేదాన్ని, మంగళవారం, మంగళవారం, అని తగ్గుగొంతుతో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వినిపించేది, వాడు చెయ్యని దానికి. మూడు నెలలు విన్నాను. ఆగస్టు చివర్లో గిన్నె మూత చప్పుడు, సెప్టెంబరులో పిస్తోలు, అది అన్నం తింటూ ఉండగా రెండు వందల అడుగులనుంచి, నూట యాభై, నూరు. కాల్చేది నేను, గాదె చాటున నిలబడి, కనపడకుండా. నలభై దాకా వచ్చాం. నలభైలో అది తల ఎత్తి, చూసి, మళ్ళీ తింది. హాల్వర్ ఎడం పిడికిలి గాల్లోకి ఎత్తాడు. బాగైపోయిందనుకున్నాడు. వాడికి తెలియనిది ఒకటుంది. ఉరుముకి భయపడ్డ కుక్కకి ఆకాశమంటే భయం. దీనికి భయం ఆకాశమంటే కాదు, నా చెయ్యంటే. కాఫీ డబ్బా కోసం నేను అలమరలో పై అరకి చెయ్యెత్తితే ఇది నేలకి అణిగిపోతుంది. అది వాడి కంట పడకూడదని డబ్బా కింది అరలోకి మార్చాను. దుప్పట్లు ఆరేసే తీగ కిందికి దించాను. నాలుగు నెలలుగా నా ఇంట్లో నేను చెయ్యి భుజం దాటి ఎత్తలేదు.

ఇప్పుడు దాని పక్కన కూచుని, తలమీదుగా, ఉత్తుత్తి పిస్తోలు కాదు, నిజం తుపాకీ, ఎత్తాలి.

సూర్యుడు గాదె కప్పు మీద సగానికొచ్చాడు. నీళ్ళు రాగిరంగుకి తిరిగాయి. మళ్ళీ రెక్కలు, ఈసారి పన్నెండో పధ్నాలుగో, తిన్నగా మా మీదుగా, మడుగు చుట్టూ ఒక చుట్టు, రెండో చుట్టు, ఆకుపచ్చ తలలు వెలుగులో మెరిసి, కాళ్ళు చాపి, బొమ్మల మధ్య దిగిపోయాయి, ఇరవై అడుగుల్లో, ఇంటికొచ్చినట్టు గొణుక్కుంటూ. హాల్వర్ మోచేత్తో పొడిచాడు. నేను కదల్లేదు. మళ్ళీ పొడిచాడు. బెస్ ఒకసారి నీటివైపు, ఒకసారి నావైపు చూసింది, నావైపు చూసినప్పుడు దాని చెవులు వెనక్కి పడ్డాయి. హాల్వర్ ఎడంచెయ్యి చాపి తుపాకీ గొట్టం పట్టుకుని తనవైపు లాక్కున్నాడు, నేను వదల్లేదు, బకెట్ కిర్రుమంది, బాతులన్నీ ఒక్కసారి నీటిని కొట్టుకుంటూ లేచాయి, పోయాయి. అలలు వచ్చి జమ్ము మొదళ్ళకి తగిలాయి. "మంగళవారం," అన్నాడు వాడు, పళ్ళు బిగించి. ఇన్ని నెలల్లో అంత కోపంగా ఉన్న మంగళవారం వినలేదు.

"ఉరుము కాదు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నేను నీళ్ళకేసి చూస్తూ చెప్పాను, వాడివైపు తిరిగితే చెప్పలేను. "బెస్ సంగతి. జూన్‌లో. ఉరుము కాదు హాల్వర్, నేనే. డెల్మర్‌ని పిలవలేదు. పక్కన కూచోబెట్టి తలమీద కాల్చాను. అలిసిపోయి ఉన్నాను, తొందరగా అయిపోతుందని. నీ గూడు వల్ల కాదు. నువ్వేం చెయ్యలేదు." ఇంకా ఏదో అనాలనిపించింది, అలిసిపోయానని ఇంకోసారి అనాలనిపించింది, అది ఒకసారి అన్నదే ఎక్కువ.

"సిగ్గులేని అబద్ధాలకోరు ముండా," అన్నాడు మా తమ్ముడు. స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా. పదకొండు నెలల్లో వాడినోట పూర్తిగా వచ్చిన మొదటి వాక్యం. వాడే ఉలిక్కిపడ్డాడు. నేను తల ఊపాను. నీటికాకి ఒకటి మడుగు మధ్యలో మునిగింది, అది ఎక్కడ తేలుతుందా అని ఇద్దరం చూశాం, చాలా దూరంగా తేలింది.

తర్వాత వాడు నా చేతిలోంచి తుపాకీ తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఒంటిచేత్తో తూటాలు బయటికి తీశాడు. వేట అయిపోయిందనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా, దాచడమెందుకు. వాడు నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. మెల్లిగా పైకెత్తాడు, బెస్‌ని చూస్తూ. చెయ్యి నా గడ్డం దాకా వచ్చేసరికి బెస్ పొట్ట నేలకి తగిలింది. వాడు చెయ్యి దించాడు. ఆగాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అణిగింది, కళ్ళు పక్కకి తిప్పుకుంది. మూడోసారి కూడా ఎత్తాడు. నా మొహం చూడలేదు, నా చెయ్యి మనిషి చెయ్యి కాదు, తలుపు గడియ లాంటిది, పనిచేస్తోందా లేదా చూస్తున్నాడు. పదకొండు కుక్కల్ని చూసిన కళ్ళు అవి. వసారాలో పడుకున్న రాత్రులన్నీ ఆ కళ్ళల్లో ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయేమో, లేక అదంతా నా ఊహేనేమో, వాడు కుక్కని తప్ప దేన్నీ చూడటం లేదేమో. చెయ్యి వదిలేశాడు. బెస్‌ని తన ఎడం మోకాలి దగ్గరికి, నాకు అవతలి వైపుకి లాక్కున్నాడు. తుపాకీ, తూటాలు నాకిచ్చి, జమ్ము అవతలి కొసవైపు చూపుడువేలు చాపాడు.

"అక్కణ్ణుంచా?" అన్నాను. "ఎంత దూరం?"

నోరు తెరిచాడు. మంగళవారం వస్తుందని వాడికీ తెలుసు, మూసేశాడు. మళ్ళీ తెరిచి, "ఒకటి," అన్నాడు. "రెండు. మూడు." అంకెలు వరసలోనే వస్తాయి వాడికి, మధ్యలోంచి ఒకదాన్ని ఎత్తి చెప్పలేడు, మెట్లు ఎక్కినట్టు కిందినుంచి ఎక్కాల్సిందే. పదకొండు, పన్నెండు. సూర్యుడు ముప్పావు దిగాడు. ఇరవై రెండు, ఇరవై మూడు. వాడి పెదవి చివర ఉమ్మి చేరింది, మామూలుగా అయితే రుమాలు తీసి తుడిచేదాన్ని, ఇప్పుడు ధైర్యం చాలలేదు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. నిలబడి వింటున్నాను, తుపాకీ వంచి పట్టుకుని, చిన్నపిల్లలా. నలభై దగ్గర ఆగాడు. నలభై, అని ఇంకోసారి అని, వేలు ఊపాడు.

నలభై అడుగులు. బురదలో నలభై, ఒక్కోసారి మోకాలిదాకా దిగుతూ, లెక్క తప్పకుండా పైకే అంటూ నడిచాను. చుట్టూ జమ్ము, వాళ్ళు నాకు కనపడరు, నేను వాళ్ళకి కనపడను. ఎదురుగా నీళ్ళు మాత్రం కనిపిస్తాయి. తుపాకీలో తూటాలు పెట్టి మూశాను. చలి బూటులోంచి ఎముకలోకి ఎక్కుతోంది. అయిదు నిమిషాలో, ఇంకా తక్కువో మిగిలింది. కుక్కని బాగుచేయడానికి నన్ను దూరం పంపాడు, సరే, అది న్యాయం. ఒక మగబాతు ఒంటరిగా వచ్చింది, కుడివైపునుంచి, మందలోంచి తప్పిపోయినట్టు తొందరతొందరగా. చెయ్యెత్తాను. నాలుగు నెలల తర్వాత భుజం దాటి ఎత్తాను, కీలు దగ్గర ఏదో టక్కుమంది, తుపాకీ ఆనించి, బాతు ముందుకి చూపు జరిపి, నొక్కాను. నాన్న నేర్పింది చేతుల్లో ఇంకా ఉంది. బాతు మడిచిన గుడ్డలా పడింది. చప్పుడు మడుగంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఏమీ లేదు. నీళ్ళమీద వలయాలు పెద్దవవుతున్నాయి. ఈల లేదు, అరుపు లేదు. పారిపోయి ఉంటుంది. ఇప్పుడు ఈ ఒంటిచేతి మనిషి చీకట్లో పొలాల వెంట దాన్ని వెతుకుతూ తిరుగుతాడు, నేను వెనకాల. జమ్ము పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నీటి చప్పుడు, బాతుది కాదు, బరువైనది. నల్లటి తల. నీటిని రెండుగా చీలుస్తూ, తల ఒక్కటే, తిన్నగా పడ్డచోటికి. దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగింది. వాసన చూసింది. నోట పట్టింది, వదిలేసింది, ఈకలు నోట్లో కొత్తగా ఉన్నట్టున్నాయి, వెనక్కి తిరిగి ఒడ్డుకి ఈదబోయింది. పొడుగ్గా ఒక ఈల. బెస్ నీళ్ళలోనే తిరిగి ఒడ్డుకేసి చూసింది. హాల్వర్ చెయ్యి పైకెత్తి ఉంటాడు, నాకు కనిపించదు, దానికి కనిపిస్తుంది. అది మళ్ళీ వెనక్కి తిరిగి, బాతు దగ్గరికెళ్ళి, ఈసారి రెక్క పట్టుకుని, సగం మునుగుతూ, చెవిమీద బాతు మెడ వేలాడుతూ, తీసుకుపోయింది. ఒడ్డుకి చేర్చిందో, అంచున పడేసిందో తెలీదు. జమ్ములోంచి, "మంగళవారం," అని వినిపించింది, తగ్గుగొంతుతో, దానికి. ఇంకోసారి కూడా. నన్ను ఎవరూ పిలవలేదు. సూర్యుడు మునిగిపోయాడు. తుపాకీలో మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాను. కొంచెంసేపు అక్కడే ఉండిపోయాను, వెళ్ళొచ్చో లేదో తెలీక, తర్వాత కాళ్ళు మొద్దుబారుతుంటే వెళ్ళాను.

వాడు అప్పటికే పికప్ దగ్గరికి చేరిపోయాడు. వెనక తలుపు దించి అంచుమీద కూచున్నాడు, పక్కన బాతు, కింద బెస్ నీళ్ళు విదిలించుకుంటూ. నేను బొమ్మ బాతుల్ని ఏరి సంచిలో వేసుకుని వచ్చేసరికి తొడలదాకా ఉన్న రబ్బరు బూట్లు విప్పుకునే ప్రయత్నంలో ఉన్నాడు. అవి ఎప్పుడూ నేనే లాగుతాను. ఎడంచెయ్యొక్కటే, బూటు తడికి కాలికి అతుక్కుపోయింది, మడమ ఊడేలోపు పైభాగం జారి మళ్ళీ ఎక్కుతోంది. సంచి లోపల పడేశాను. సాయం చెయ్యనా అని అడగలేదు. ఇంజన్ వేసి హీటర్ పెట్టి వచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. బెస్ నా దగ్గరికి రాలేదు, వాడి దగ్గరా లేదు, మధ్యలో కూచుంది. మొదటి బూటు ఎంతసేపు పట్టిందో, పడమట ఎరుపు పూర్తిగా పోయింది, అప్పుడు ఊడింది, వాడు దాన్ని విసిరేయలేదు, జాగ్రత్తగా పక్కన నిలబెట్టాడు. రెండోది కుడికాలు. దాంట్లో బలం లేదు, అది సాయం చెయ్యదు. పట్టుకున్నాడు, లాగాడు, జారింది. ఇంకోలా పట్టుకున్నాడు. ఊపిరి పొగలా వస్తోంది. నేను కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాను, నిద్ర కళ్ళమీద ఇసకలా పడుతోంది, రేపు మళ్ళీ నాలుగున్నర. వాడు ఆగాడు. చాలాసేపు ఊరికే కూచున్నాడు, చెయ్యి బూటుమీద పెట్టుకుని. తర్వాత మడుగువైపు తిరిగి, నన్ను చూడకుండా, కాలు నా ముందుకి చాపాడు.

బురదలో మోకాళ్ళమీద కూచుని మడమ పట్టుకున్నాను. లాగాను, రాలేదు. వాడు ఎడంచేత్తో పికప్ అంచు పట్టుకుని బిగించాడు. నేను ఇంకోసారి లాగాను.